గుమ్మం వైపు తిరిగిన కుర్చీ

చరిత్రకారులు అటువైపు తొంగిచూడకపోవడం వల్ల మాత్రమే మరుగున పడిపోయిన మహత్తర ఘట్టం ఒకటి, ప్రతి సాయంత్రం అయిదింటికి, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీది మేడగదిలో జరుగుతూ ఉండేది. ఒక టీచరమ్మ గది తాళం తీసి, కిటికీలు తెరిచి, మూలనున్న కుర్చీని గుడ్డతో తుడిచి, తెచ్చి గది మధ్యలో పెట్టేది. ఘట్టం సమాప్తం.

కుర్చీలో విశేషం ఏమీ లేదు. చెక్కది, చేతుల్లేనిది, ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతున్నది. విశేషమంతా దాన్ని పెట్టే తీరులో ఉంది. అది బోర్డుకి ఎదురుగా ఉండకూడదు, విద్యార్థులకి ఎదురుగా ఉండకూడదు. కాస్త పక్కకి తిరిగి, గుమ్మం వైపు సగం మొహం పెట్టుకుని ఉండాలి. బెత్తెడు అటూ ఇటూ అయితే ఆవిడ పాఠం ఆపి మళ్ళీ జరిపేది. ఈ కోణం మీద విద్యార్థిలోకంలో పెద్ద పెద్ద చర్చలే జరిగాయి. ఫ్యాను గాలి సరిగ్గా తగలడానికని లారీ డ్రైవరు వాదం. ఇంగ్లీషంటే మొహం తిప్పేసుకునే వాళ్ళకి అది గుర్తు అని, అదే కోర్సులో మళ్ళీ మళ్ళీ చేరుతున్న మామ్మగారి వాదం. అందులో ఎవరూ కూర్చోకూడదన్న విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు.

టీచరమ్మని వీధంతా ఎస్సమ్మ అనేవారు. ఆవిడ నేర్పేది ఇంగ్లీషులో ఓనమాలు. విద్యార్థులందరూ పెద్దవాళ్ళే: టైలర్లు, డ్రైవర్లు, ఆస్పత్రి ఆయాలు, మనవలకి జవాబు చెప్పాలని పంతం పట్టినవాళ్ళు. నేను, నువ్వు అన్నంతవరకు వాళ్ళకి ఇబ్బంది లేదు. ఇద్దరూ ఎదురుగానే ఉంటారు కదా. గొడవంతా గదిలో లేని మూడో మనిషితో. వాడు తాగినా, తిన్నా, పడుకున్నా ఆ పని చివర ‘స్’ అని ఒక తోక తగిలించాలి. ఆ తోకని జనం మర్చిపోతారు. ‘హి డ్రింక్’ అనేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు చుట్టూ చూస్తారు. దానికి ఎస్సమ్మ కనిపెట్టిన మందు: తోక పోయినప్పుడల్లా క్లాసంతా కలిసి ‘స్స్స్’ అని బుస కొట్టాలి. దీనివల్ల తోకలు కొంతవరకు నిలబడ్డాయి గానీ, కింద దుకాణానికి వచ్చే కొత్తవాళ్ళు మాత్రం పైన పాములున్నాయని మెట్ల దగ్గర్నుంచి జాగ్రత్తగా నడిచేవారు.

ఆవిడ రెండో ఆవిష్కరణ గొలుసు ఆట. మూడో మనిషి గురించి ఒకరు ఒక వాక్యం చెప్పాలి. పక్కవాళ్ళు దాన్ని చెప్పి, ఇంకోటి కలపాలి. ఆ పక్కవాళ్ళు రెండూ చెప్పి, మూడోది. మధ్యలో ఎవరూ ‘ఎవరు, ఎందుకు, నీకెలా తెలుసు’ అని అడగకూడదు. అడిగితే నోటికొచ్చిన నాలుగు మాటలూ ఆగిపోతాయి. మరి మూడో మనిషిగా ఎవరు కూర్చుంటారు? వాళ్ళాయన.

ఆయన ఉద్యోగమంతా కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకున్నాడు. జీవితమంతా పరాయి ఇళ్ళ గోడలకేసి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా బయటికి రావడం అలవాటైన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో గోడలు కూడా అయిపోయాయి.

“ఊరికే కూర్చోవడమే కదా, ఆ కూర్చునేదేదో మా క్లాసులో కూర్చోండి,” అంది ఎస్సమ్మ.

“నాకు ఇంగ్లీషు ముక్క రాదే.”

“అందుకే రమ్మంటున్నా. ఇంగ్లీషు వస్తే మధ్యలో మాట్లాడతారు.”

అలా ఆయన మూలనున్న ఆకుపచ్చ కుర్చీని తనే తెచ్చుకుని, తనకి నచ్చినట్టు పక్కకి తిప్పి వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మ్యూజియంలో వస్తువులా కూర్చునేవాడు. జనం ఆయన్ని చూసి వాక్యాలు అల్లేవారు. ‘హి వేర్స్ బ్లూ షర్ట్.’ ‘హి డ్రింక్స్ టీ.’ ‘హి టచెస్ హిస్ ఇయర్.’ నిజంగానే ఆయన ఎడమ చేతిని తల మీదుగా పోనిచ్చి కుడి చెవి పట్టుకునేవాడు. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు. అర్థమై నవ్వుతున్నాడో, అందరూ నవ్వుతున్నారని నవ్వుతున్నాడో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడగడానికి బోలెడు రోజులున్నాయనుకుంది.

ఆ చివరి సాయంత్రం లారీ డ్రైవరు వంతు వచ్చింది. వాడు ఆయన మొహంలోకి పరీక్షగా చూసి, “హి హ్యాజ్ గ్రే మీసం,” అన్నాడు. మీసానికి ఇంగ్లీషు మాట తెలియక అలాగే దించేశాడు. క్లాసు గొల్లుమంది. మామ్మగారు స్టూలు మీంచి పడబోయారు. ఎస్సమ్మ కూడా నవ్వింది, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. ఆయన నవ్వలేదు. మీసం మీద ఒకసారి చెయ్యి వేసుకున్నాడు. లేచాడు.

“తలనొప్పిగా ఉంది. నే వెళ్తా,” అన్నాడు.

ఆవిడ ఇంటికి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేడు. భోజనం మీద మూత పెట్టి, కోపంగా పడుకుంది. ఎప్పుడొచ్చాడో తెలీదు. తెల్లవారుతుండగా గుండె పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆస్పత్రిలో దీపాల కింద చూసింది ఆవిడ. మీసం నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఆయన ఏదో చెప్పబోయి, ఊపిరందక, నవ్వాడు. మీసం సంగతి అడిగే సమయం కాదది. ఆ తర్వాత అడిగే సమయమే లేకపోయింది.

పరామర్శకి వచ్చిన ఆడపడుచు, అందరూ వెళ్ళాక దగ్గరికి జరిగింది. “వదినా, అన్నయ్య మీసానికి రంగెప్పుడు మొదలెట్టాడు?”

“నాకు తెలీదు.”

“నీకే తెలీదా? ఈ వయసులో ఎవరి కోసమమ్మా...” అని, “ఊరికే అన్నాలే,” అని ముక్తాయించింది. ఊరికే అన్న మాటలకి ఉండేంత ఆయుష్షు మందులు వాడే మనుషులకి కూడా ఉండదు.

అప్పటినుంచి ఎస్సమ్మకి రెండే ఆలోచనలు. క్లాసులో అందరూ నవ్వారని మనసు కష్టపెట్టుకుని వెళ్ళిపోయాడా? లేక వెళ్ళవలసిన చోటు ఒకటి ఉండి, తలనొప్పి వంక పెట్టి వెళ్ళాడా? మొదటిది నిజమైతే ఆ నవ్విన వాళ్ళలో తనూ ఉంది. రెండోది నిజమైతే ఆవిడ ఇన్నేళ్ళూ కాపురం చేసిన మనిషి ఎవరో తెలీదు. ఆవిడ కుర్చీని మాత్రం ఆయన వేసుకున్నట్టే, అదే కోణంలో వేస్తూ వచ్చింది. వేసిన ప్రతిసారీ ఆ కోణం ఆవిడకి ఒక సంగతి చెప్పేది: మొదటి రోజునుంచీ ఆయన గుమ్మం వైపే తిరిగి కూర్చున్నాడు. ఎప్పుడు బయటపడదామా అని.

గొలుసు ఆగలేదు. బ్యాచిలు మారినా మామ్మగారు మారరు కనక, పాత వాక్యాలన్నీ కంఠతా అప్పగించి కొత్తవాళ్ళకి అంటించేవారు. కొత్తవాళ్ళు అదేదో పుస్తకంలో మనిషనుకునేవారు. ఈ ఊళ్ళోకి నిన్న వచ్చిన నర్సు కూడా, ఎన్నడూ చూడని మనిషి గురించి, ఖాళీ కుర్చీకేసి చూస్తూ, “హి టచెస్ హిస్ ఇయర్,” అనేది. చచ్చిపోయాడని చెప్పే స్తోమత ఆ గదిలో ఎవరికీ లేదు. భూతకాలం రెండో కోర్సులో వస్తుంది. గోడ మీద పడే కుర్చీ నీడ, సాయంత్రం ముదిరేకొద్దీ, చెవి పట్టుకున్న మనిషిలా సాగేది. ఆవిడ ఆ గోడకేసి చూడకుండా పాఠం చెప్పడం నేర్చుకుంది.

అలాంటి రోజుల్లో, కోర్సు సగంలో ఒకాయన వచ్చి చేరాడు. శుభ్రమైన చేతులు, పక్కన కూర్చుంటే సబ్బు వాసన. ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాకుండా ఇంకాస్త పైకి చూసి మాట్లాడేవాడు. ఏం చేస్తారని ఎస్సమ్మ ఇంగ్లీషులో అడిగితే, ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టి “ఐ వర్క్ షాప్,” అన్నాడు. ఏం షాపో చెప్పడానికి మాటలు చాలలేదు. దాంతో షాపాయన అయిపోయాడు.

మొదటి రోజు గొలుసంతా విన్నాడు. వింటూ వింటూ ఎందుకో కుర్చీకేసి చూసి తల ఊపాడు. తన వంతు రాగానే లేచి నిలబడ్డాడు.

“హి హ్యాజ్ కట్,” అని, చెవి వెనక వేలు పెట్టి చూపించాడు. “బిహైండ్ ఇయర్.”

చాక్‌పీసు పట్టుకున్న ఎస్సమ్మ చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది. చిన్నప్పుడు గోడ దూకుతూ పడి, కుడి చెవి వెనక కుట్లు పడ్డ గుర్తు వాళ్ళాయనకి ఉంది. జుట్టు కింద ఉండేది. ఇంటివాళ్ళకి తప్ప బయట ఎవరికీ తెలీదు.

“మేడం, తోక ఉందా లేదా?” అన్నారు మామ్మగారు, బుస కొట్టడానికి ఊపిరి బిగబట్టి.

“ఉంది,” అంది ఆవిడ. “కూర్చోండి.”

మర్నాడు షాపాయన, “హి స్లీప్ ఇన్ చెయిర్,” అన్నాడు.

“స్స్స్,” అంది క్లాసు.

“ఏం నాయనా, తోక మింగేశావా?” అన్నారు మామ్మగారు.

“స్లీప్స్. స్లీప్స్ ఇన్ చెయిర్. మౌత్ ఓపెన్.”

అందరూ కుర్చీకేసి చూశారు. ఎస్సమ్మ చూడలేదు. నోరు తెరుచుకుని నిద్రపోవడం ఆయన అలవాటే. కానీ ఈ కుర్చీలో ఎన్నడూ నిద్రపోలేదు. పోయాక మొదలెట్టాడా? చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మను, అని ఆవిడ తనకి తనే గట్టిగా చెప్పుకుంది. ఆ చెప్పుకున్నది ఇంట్లో కుక్కరు ఆవిరి వదిలేదాకా నిలిచింది. ‘స్స్స్’ అన్న ఆ చప్పుడుకి చేతిలో గరిటె జారిపోయింది. కొళాయి కారినా, తలుపు సందులోంచి గాలి వీచినా, ఎవరో ఆవిడ మర్చిపోయినదేదో గుర్తు చేస్తున్నట్టే ఉండేది.

షాపాయన్ని పక్కకి పిలిచి అడిగితే పోయేది. అడగలేదు. ఎవరు, ఎలా తెలుసని అడగకూడదన్న నియమం తను పెట్టిందే. అదొక వంక. అసలు సంగతి, చెవి వెనక గుర్తు తెలిసినవాడికి ఆ సాయంత్రం ఎక్కడికి వెళ్ళాడో కూడా తెలిసి ఉంటుందని భయం. ఇన్నాళ్ళూ తెలీక నిద్ర పట్టలేదు. ఇప్పుడు తెలుస్తుందేమోనని పట్టడం మానేసింది.

వారం గడవకముందే షాపాయన మళ్ళీ లేచాడు. ఈసారి వాక్యం ఇంటి దగ్గరే కూర్చుకుని వచ్చినట్టున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“హి స్పీక్స్ ఇంగ్లీష్. ఇన్ మిర్రర్.”

“ఎవరితో?” అనేసింది ఎస్సమ్మ, మన భాషలో, గదంతా వినపడేలా.

క్లాసు బిత్తరపోయింది. నియమం పెట్టిన మనిషే నియమం తప్పితే బుస కొట్టాలో వద్దో తెలీక మామ్మగారు నోరు సగం తెరిచి ఉంచారు.

“ఇంగ్లీషులో చెప్పాలా మేడం, మామూలుగా చెప్పాలా?” అన్నాడు షాపాయన.

“ఇవాళ్టికి చాలు. అందరూ వెళ్ళండి. మీరు ఉండండి.”

మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గేదాకా ఆవిడ బోర్డు తుడిచింది. షాపాయన నిలబడే ఉన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

“తోక పెట్టాను కదండీ,” అన్నాడు చివరికి.

“తోక బాగానే ఉంది. మీరు చెప్పిన మనిషి ఎవరు?”

“అదేంటి మేడం, మీరంతా చెప్పేది ఎవరి గురించో నేనూ ఆయన గురించే చెప్పాను. తల మీంచి తిప్పి చెవి పట్టుకుంటాడన్నారు. మీటర్లు చూస్తాడన్నారు. నీలం చొక్కా అన్నారు. అలాంటి మనిషి ఊళ్ళో ఇంకోడు ఉన్నాడా? నా సెలూన్‌లో ఎన్నేళ్ళు కూర్చున్నాడు ఆయన! కత్తి చెవి దగ్గరికి వస్తే చాలు, అలా పట్టుకునేవాడు. వెనక కుట్ల గుర్తుంది లెండి, అక్కడ తగిలితే గిలి.”

“సెలూనా?”

“వెనక వీధిలో. కటింగ్ మొదలెట్టగానే నిద్రే. నోరు తెరిచేసేవాడు, జుట్టు పడుతుందేమోనని నేనే చేత్తో మూసేవాణ్ణి.” ఆయన కుర్చీకేసి చూపించాడు. “పేరు రాయించుకుని రావట్లేదేమో, పాపం సీటు అలా ఉంచారు అనుకున్నా.”

ఎస్సమ్మ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. “ఇంగ్లీషు సంగతేంటి?”

షాపాయన మొహం వెలిగింది. “అదా! అద్దంలో చూసుకుంటూ అప్పగించేవాడండీ. హి డ్రింక్స్ టీ. హి వేర్స్ బ్లూ షర్ట్. ఎవరి గురించి సార్ అంటే, నా గురించే అనేవాడు. నేను అనాలంటే ఐ అనాలి కదా సార్ అంటే, అది మాకు చెప్పలేదోయ్, నేను కూర్చునే చోట నా గురించి అందరూ హి అనే అంటారు, నాకొచ్చింది అదే, అనేవాడు. మా టీచరమ్మకి నాకు ఇంగ్లీషు వస్తోందని తెలీదు, ఒకరోజు లేచి నిలబడి మాట్లాడతా, ఆవిడ పడిపోవాలి, అనేవాడు. టీచరమ్మంటే భయం కూడానండోయ్. తోక పోతే పాములా లేస్తుందట.” ఆగాడు. నాలుక కరుచుకున్నాడు. “ఆ టీచరు... మీరే కదండీ.”

“నేనే. చివరిసారి ఎప్పుడొచ్చాడు?”

ఆయన మొహంలో వెలుగు పోయింది. కుర్చీలకీ బల్లలకీ సమాధానం చెప్పుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

“అదే అడగలేకపోతున్నా మేడం. ఆ సాయంత్రం క్లాసు మధ్యలోంచి వచ్చాడు. నవ్వాపుకోలేకపోతున్నాడు. నా మీసం తెల్లగా ఉందన్నారోయ్, నాకు మొత్తం అర్థమైంది, ఒక్క ముక్క పోలేదు, అన్నాడు. నల్లరంగు వెయ్, రేపు లేచి నిలబడి, నో, హి హ్యాజ్ బ్లాక్ మీసం అంటాను, చూద్దాం వాళ్ళ మొహాలు, అన్నాడు. కటింగ్ వాళ్ళు నలుగురు ముందున్నా సరే, రాత్రి షాపు మూసేదాకా కూర్చుని వేయించుకున్నాడు. నేనేమో ఆ రోజే కొత్త కంపెనీ రంగు తెచ్చాను. అంతే, మళ్ళీ రాలేదు. అదే నెలలో ఎదురుగా అద్దాల సెలూను పడింది. అటు మారాడో, నా రంగు పట్టలేదో, మొహం గానీ పొక్కిందో... ఇక్కడ ఆయన మాట విన్నప్పటినుంచీ ఎవర్నైనా అడుగుదామని. మేడం, రంగు ఎలా పట్టిందండీ?”

కింద దుకాణంలో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు. ఎస్సమ్మ అది ఆగేదాకా ఆగింది.

“బాగా పట్టింది,” అంది. “ఒక్క తెల్లవెంట్రుక కనపడలేదు. నిగనిగలాడింది.”

“హమ్మయ్య.”

“ఆయన మా ఆయన,” అంది. ఆ తర్వాత మిగతాది కూడా చెప్పింది, పెద్దగా మాటలు పెట్టకుండా. షాపాయన, ఎప్పుడూ చూసే చోటుకన్నా కాస్త కిందకి, ఆవిడ కళ్ళలోకి చూశాడు.

“నవ్వుతూనే వెళ్ళాడండీ నా దగ్గర్నుంచి,” అన్నాడు.

మర్నాడు గొలుసు తిరిగి తిరిగి లారీ డ్రైవరు వాక్యం దగ్గరికి వచ్చింది. మామ్మగారు దాన్ని అప్పగించబోతుంటే ఎస్సమ్మ చెయ్యెత్తింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆటలో చేరడం అదే మొదటిసారి.

“నో,” అంది. “హి హ్యాజ్ బ్లాక్ మీసం.”

“అదెలా?” అన్నారు మామ్మగారు. “గ్రే అని నేను ఎంతమందికి నేర్పాను! ఇప్పుడు మారిస్తే వాళ్ళందర్నీ వెనక్కి పిలవాలా?”

“బ్లాకే,” అన్నాడు వెనకనుంచి షాపాయన. “నేను గ్యారంటీ.”

ఎందుకు గ్యారంటీ అని ఎవరూ అడగలేదు. నియమం మళ్ళీ అమల్లోకి వచ్చింది. మామ్మగారు ఓడినవాళ్ళు ఏదో ఒకటి గెలవాలన్నట్టు, “మీసం మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకున్నారు కదా, ఆ కుర్చీ నాకిప్పించండి. ఈ స్టూలుకి వీపు లేదు, నా వీపుకి బలం లేదు,” అన్నారు.

ఎస్సమ్మ కుర్చీకేసి చూసింది. గుమ్మం వైపు సగం తిరిగి, అది ఎప్పటిలాగే ఉంది. నిన్నటిదాకా పారిపోవాలని చూస్తున్న మనిషి కూర్చున్న కుర్చీ అది. రాత్రి షాపు మూసేదాకా అద్దం ముందు కూర్చుని, మర్నాడు ఈ గదిలోకే తిరిగి రావాలని రంగు వేయించుకున్న మనిషి, మొదటి రోజునుంచీ గుమ్మం వైపు ఎందుకు తిరిగాడో ఆవిడకి తట్టలేదు.

“తీసుకోండి,” అంది.

మామ్మగారు కుర్చీని బోర్డుకి ఎదురుగా, తిన్నగా తిప్పుకుని, దర్జాగా కూర్చున్నారు. కుర్చీ ఒక పక్కకి దభాలున ఒరిగింది. నర్సు పట్టుకోకపోతే పాఠం ఆస్పత్రిలో ముగిసేది. షాపాయన వంగి, కింద చెయ్యి పెట్టి చూశాడు. కుర్చీని మెల్లగా పక్కకి, గుమ్మం వైపు, పాత కోణంలోకి తిప్పాడు. నిలబడింది.

వెనక ఎడమకాలు బొటనవేలంత పొట్టి. ఇప్పుడు అది ఆనిన చోట గచ్చు కాస్త ఎత్తు.